మబ్బు పట్టిన రాత్రికి సున్నా వేయకు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

అగ్నిపర్వతాలను ఉపగ్రహాలతో గమనించే బృందంలో చేరావని, వచ్చే వారం నుంచి రాత్రి డ్యూటీ అని తెలిసి సంతోషించాను. ముందుగా ఏం చదువుకోవాలని అడిగావు. చదవాల్సినవి ఎలాగూ వాళ్లే నీ నెత్తిన పెడతారు. నేను మాత్రం ఒకప్పుడు చేసిన తప్పు గురించి రాస్తాను, అది నీకు ఎక్కువ పనికొస్తుంది.

కొత్తలో నాకు ఒక కొండ వేడిని రోజూ నమోదు చేసే పని ఇచ్చారు. నాసా ఉపగ్రహాల మీదుండే మోడిస్ అనే పరికరం డేటా రాగానే చూసేవాణ్ణి. వేడి పిక్సెల్ ఉంటే దాని విలువ వేసేవాణ్ణి, లేకపోతే సున్నా. రెండు వారాలు తిరిగేసరికి గ్రాఫ్ మెట్లు దిగినట్టు చక్కగా కిందికి దిగింది. ‘తగ్గుముఖం పట్టింది’ అని రిపోర్టు రాసి పంపేశాను. ఆ తర్వాత మూడో రాత్రి ఆకాశం తేటపడింది. చూస్తే కొండవాలు పొడుగునా తొమ్మిది పిక్సెళ్లు భగ్గుమంటున్నాయి! మా పెద్దాయన అరవలేదు, కేకలేయలేదు. నా షీటు తెరిచి ఒక్క మాట అడిగారు: “కొండ చల్లబడిందా, మబ్బు పట్టిందా?”

మబ్బే. వేడిని మోసుకొచ్చే ఇన్‌ఫ్రారెడ్ కిరణం దట్టమైన మేఘాన్ని దాటి పైకి రాదు. నేను వేసిన సున్నాల్లో సగానికి పైగా అసలు సున్నాలే కావు, ఖాళీలు.

కాబట్టి నీ షీటులో మొదటి రోజు నుంచే మూడు గుర్తులు పెట్టుకో. వేడి కనబడింది, ఆకాశం తేటగా ఉన్నా కనబడలేదు, అసలు చూడలేకపోయాం. పక్కనే ఉపగ్రహం ఏ కోణం నుంచి చూసిందో కూడా రాయి. నెత్తి మీద నుంచి వెళ్తే మోడిస్ పిక్సెల్ ఒక కిలోమీటరు. అదే అంచు నుంచి వాలుగా చూస్తే దాదాపు 4.8 కిలోమీటర్ల పొడవు, 2 కిలోమీటర్ల వెడల్పుకు సాగిపోతుంది. అంత జాగాలో చిన్న వేడి పలచబడిపోతుంది. పైగా బిలం లోతైనదైతే దాని గోడే లావాకు అడ్డం వస్తుంది. నిన్న కనబడి ఇవాళ కనబడలేదంటే ముందు కోణం చూడు, కొండ సంగతి తర్వాత.

అసలు కిలోమీటరు పిక్సెల్‌లో చిన్న లావా మడుగు ఎలా కనబడుతుందని నీకు అనుమానం రావచ్చు. ఒకసారి కాగితం మీద లెక్క వేసి చూడు, నేనూ అలాగే నమ్మాను. నేల 27 డిగ్రీలు, లావా 727 డిగ్రీలు అనుకుందాం. 4 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యం దగ్గర లావా నేలకంటే సుమారు 4,500 రెట్లు ఎక్కువ వెలుగుతుంది. 11 మైక్రాన్ల దగ్గర ఆ తేడా 29 రెట్లే. ఇప్పుడు పది లక్షల చదరపు మీటర్ల పిక్సెల్‌లో వెయ్యి చదరపు మీటర్ల లావా పెట్టు. గాలి ప్రభావం పక్కన పెడితే, 11 మైక్రాన్ల బ్యాండ్, అంటే ఆ తరంగదైర్ఘ్యాన్ని చూసే కన్ను, ఆ పిక్సెల్‌ని 29 డిగ్రీలుగా చూపిస్తుంది. ఎండకు కాగిన రాయి కూడా అంతే చూపిస్తుంది. 4 మైక్రాన్ల బ్యాండ్ మాత్రం 77 డిగ్రీలు దాకా చూపిస్తుంది. గోరంతను కొండంత చేసే ఈ గుణమే మన పనికి ఆధారం. రెండు బ్యాండ్ల మధ్య ఎడం ఎంత పెరిగిందన్నదే చూడు, ఒక్క బ్యాండ్‌ని నమ్ముకోకు. పగటిపూట 4 మైక్రాన్లలో ఎండ ప్రతిఫలనం కూడా కలుస్తుంది, నీళ్ల మీద తళుక్కుమన్న ఎండ అచ్చం లావాలా మోసం చేస్తుంది. రాత్రి డ్యూటీ అని విసుక్కోకు, మన డేటా రాత్రిపూటే శుభ్రంగా ఉంటుంది.

మోడిస్ డేటాలో వేడిని తనంతట తానే వెతికే, హవాయి విశ్వవిద్యాలయం వాళ్ల మోడ్‌వోల్క్ ఈ ఎడంతోనే ఒక సూచిక కట్టి, రాత్రి డేటాకు −0.80 దగ్గర గీత గీసింది, అది దాటితేనే అలారం. ప్రపంచమంతటికీ ఒకే గీత కాబట్టి దొంగ అలారాలు తక్కువ, బలహీనమైన వేడి మాత్రం తప్పిపోతుంది. ఆ జాబితాలో కొండ పేరు లేకపోతే గీత దాటలేదని అర్థం, వేడి లేదని కాదు. ట్యూరిన్ విశ్వవిద్యాలయం నడిపే అలాంటిదే మిరోవా, చుట్టుపక్కల పిక్సెళ్లతో పోల్చి చూస్తుంది కాబట్టి చిన్నవాటినీ పట్టుకుంటుంది. కొండ ఎంత వేడి వెదజల్లుతోందో అది మెగావాట్లలో ఇచ్చే అంకెలో 30 శాతం అటూఇటూ ఉంటుందని గుర్తుపెట్టుకో. రిపోర్టులో ‘412.7 మెగావాట్లు’ అని రాస్తే నాకు నవ్వొస్తుంది. సుమారు 400 అని రాయి.

అలారం రాగానే ఫోన్ ఎత్తకు. మోడిస్ లాంటివి రోజూ చూస్తాయి, కానీ మసకగా. జపాన్ వాతావరణ ఉపగ్రహం హిమవారి పది నిమిషాలకోసారి చూస్తుంది, పిక్సెల్ 2 కిలోమీటర్లు. యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 రోజుల తరబడి ఆగి వస్తుంది, కానీ షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్‌లో 20 మీటర్ల వివరం ఇస్తుంది. తేటగా ఉన్న తాజా సెంటినెల్-2 చిత్రం తెరిచి, వేడి బిలం లోపలుందా, వాలు మీదుందా, అడవి అంచున ఉందా చూడు. అడవి మంటను విస్ఫోటం అనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను, ఆ కథ ఎదురుపడ్డప్పుడు చెబుతాను. దక్షిణ అట్లాంటిక్‌లో మనిషి వెళ్లడానికి వీల్లేనట్టుండే సాండర్స్ దీవిలో, మౌంట్ మైకేల్ బిలంలో లావా సరస్సు ఉందని 2019లో తేల్చింది ఇలాంటి సన్నటి చిత్రాలే.

ఇక అంకె తగ్గడం గురించి. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. లావా మీద చూస్తుండగానే పెంకు కడుతుంది. నివురు గప్పిన నిప్పు అంటామే, అక్షరాలా అదే. పైన అంకె పడిపోతుంది, లోపల సొరంగాల్లో లావా పారుతూనే ఉంటుంది. అంతకంటే ప్రమాదకరమైనది ఇంకొకటుంది. 2018 మే మొదట్లో హవాయిలోని కిలావియా శిఖరం మీద, 2008 నుంచి ఉన్న లావా సరస్సు మట్టం దిగిపోయింది. వేడి ఒక్కటే చూసేవాడు ‘హమ్మయ్య’ అనుకునేవాడు. ఆ మాగ్మా, అంటే నేల కింది కరిగిన రాయి, దాదాపు 40 కిలోమీటర్ల దూరాన ఇళ్ల మధ్య నేల చీల్చుకుని బయటికొచ్చింది, 700కు పైగా ఇళ్లు పోయాయి. అదే ఏడాది డిసెంబరులో వనువాటులోని అంబ్రిమ్ లావా సరస్సులు కూడా ఇలాగే ఇంకిపోయాయి, మాగ్మా పక్కకు, సముద్రం వైపు వెళ్లిపోయింది. ఉన్నట్టుండి చల్లబడిన కొండను వేడెక్కిన కొండలాగే చూడు. కారణం తెలిసేదాకా ‘తగ్గింది’ అని రాయకు, ‘అంకె తగ్గింది’ అని రాయి.

మబ్బును దాటేది రాడారే. యూరప్ రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 వేర్వేరు రోజుల్లో తీసిన రెండు చిత్రాలను పోల్చి చేసే జతచిత్రాల్లో ఒక్కో రంగు పట్టీ అంటే, ఉపగ్రహం చూపు దిశలో నేల సుమారు 2.8 సెంటీమీటర్లు కదిలిందని లెక్క. 2025 జులైలో వెళ్లిన నాసా-ఇస్రో ఉపగ్రహం నిసార్‌లోని ఎల్-బ్యాండ్ (పొడుగు తరంగాల) రాడార్ చెట్ల మధ్య నుంచి కూడా నేలను పట్టుకుంటుంది. అయితే గాలిలో తేమ మారినా పట్టీలు వస్తాయి. పట్టీలు కొండ ఎత్తు గీతలను అనుసరించి పోతుంటే అనుమానించు, ఇంకో రెండు జతలు తెప్పించు. కొండ వదిలే సల్ఫర్ డయాక్సైడ్ వాయువును కొలవడానికి ట్రోపోమి అనే ఉపగ్రహ పరికరం బాగుంటుంది, కానీ దానికి సూర్యకాంతి కావాలి. రాత్రి దాని గడీ ఖాళీ, సున్నా కాదు! బూడిదకు 11 మైక్రాన్ల విలువలోంచి 12 మైక్రాన్లది తీసేస్తాం. ఋణ సంఖ్య వస్తే బూడిద అనుమానం. ఆ మేఘంలో నీరు, మంచు ఎక్కువుంటే ఋణం కాస్తా మాయమవుతుంది, బూడిద మాత్రం అక్కడే ఉంటుంది. 1989 డిసెంబరులో అలాస్కాలోని రిడౌట్ అగ్నిపర్వతం బూడిదలోకి వెళ్లిన కేఎల్‌ఎం విమానానికి నాలుగు ఇంజిన్లూ ఆగిపోయాయి. మళ్లీ స్టార్టయ్యాయి కాబట్టి దిగగలిగింది. అది గుర్తుంటే ‘బూడిద లేదు’ అనే రెండు మాటలు తేలిగ్గా టైపు చేయవు.

ఏదీ చెప్పకుండా పేలేవీ ఉంటాయి. 2014 సెప్టెంబరు 27న జపాన్‌లోని ఒంటాకేలో ఆవిరి పేలుడుకు 63 మంది చనిపోయారు లేదా గల్లంతయ్యారు. అలాంటివాటికి లావా పైకి రానక్కర్లేదు కాబట్టి మన పిక్సెల్‌కు ముందుగా చూడటానికి ఏమీ ఉండదు. కొండ దగ్గర సీస్మోమీటర్లతో కూర్చున్నవాళ్లతో రోజూ మాట్లాడు. నీ రిపోర్టు వాళ్లకు చేరే ముందు టైము యూటీసీయా (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం), స్థానికమా రాశావో లేదో ఒకసారి చూసుకో. ఆ ఒక్క గందరగోళంతో నేనొకసారి తెల్లవారుజామున ముగ్గురిని నిద్రలేపాను.

మొదటి వారం షీటు నింపి నాకు పంపు. వేడి అంకెలు తర్వాత, ముందు ఖాళీ గడులు లెక్కపెడతాను.

నీ మావయ్య