టాయ్ హాలరా, మామూలు ట్రైలరా? ముందు ట్రక్కు తలుపు తీసి చూడండి

ప్రశ్న: మేం ఆరిజోనాలోని చాండ్లర్‌లో ఉంటాం. ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం, ఇద్దరిదీ హెచ్-1బీ. ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే పిటిషన్) అయింది, గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నాం. ఇద్దరి జీతాలూ కలిపి ఏడాదికి 2.10 లక్షల డాలర్లు, నెల ఖర్చు 7 వేలు. సేవింగ్స్‌లో 62 వేలున్నాయి. ఇంటి లోను 3.1 శాతం వడ్డీ మీద ఇంకా 3.80 లక్షలుంది. మావారు స్నేహితులతో వెళ్లి ఇసుక దిబ్బల మీద సైడ్-బై-సైడ్ (పక్కపక్కన సీట్లుండే ఆఫ్-రోడ్ బండి) నడిపి వచ్చినప్పటి నుంచి టాయ్ హాలర్ (ఆ బండిని లోపలే ఎక్కించుకుని పోయే, పడకలున్న ట్రైలర్) కొందామంటున్నారు. ధర 50 వేలు. 5 వేలు కడితే మిగతాది 8.5 శాతం మీద 15 ఏళ్ల లోను ఇస్తారట. బండి తర్వాత కొంటారట. 30 వేలలో వచ్చే మామూలు ట్రావెల్ ట్రైలర్ (ట్రక్కు వెనక కట్టి లాగే చక్రాల ఇల్లు) చాలని నేనంటున్నాను. పిల్లలకు 11, 7 ఏళ్లు. చలికాలంలో గుంటూరు నుంచి అత్తగారు, మామగారు వస్తారు. మా 2021 ఎఫ్-150 ట్రక్కు 11,300 పౌండ్లు లాగుతుంది, ఏ ఇబ్బందీ లేదని డీలర్ చెప్పాడు. లోను వడ్డీకి పన్ను మినహాయింపు కూడా ఉందన్నాడు. ఏది కొనమంటారు?

జవాబు: మీకు జవాబు రాసే ముందు ట్రక్కు డ్రైవర్ తలుపు తెరిచి, అక్కడున్న పసుపు రంగు స్టిక్కర్ ఫోటో పంపమని అడిగాను. పంపారు. మనుషులు, సామాను కలిపి 1,520 పౌండ్లు దాటకూడదని దాని మీద ఉంది. నా దృష్టిలో ఈ వ్యవహారం మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన అంకె అదే. డీలర్ చెప్పిన 11,300 ట్రక్కు వెనక కట్టి లాగగలిగే బరువు. ట్రైలర్ ముందు భాగం ట్రక్కు మీద మోపే బరువును స్టిక్కర్ మీది 1,520లోనే లెక్కేయాలి. ట్రైలర్ మొత్తం బరువులో అది 10 నుంచి 15 శాతం ఉంటుంది.

మీ నలుగురి బరువూ 470 పౌండ్లు అనుకుందాం. ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించి, బరువును సమంగా పంచే హిచ్ 80. కూలర్, కట్టెలు, పనిముట్లు 150. ఇవి పోగా ట్రైలర్‌కు మిగిలేది 820 పౌండ్లు. సామాను సర్దుకున్నాక 6,200 పౌండ్లుండే ట్రావెల్ ట్రైలర్ 12 శాతం లెక్కన 744 పౌండ్లు మోపుతుంది. సరిపోతుంది, కానీ అంతంతమాత్రంగానే.

మీవారు చూసినలాంటి టాయ్ హాలర్ ఖాళీగానే దాదాపు 6,900 పౌండ్లుంటుంది. తెలియని పాఠకుల కోసం చెబుతున్నాను: ఈ ట్రైలర్‌లో వెనక సగం గ్యారేజీ, వెనక గోడ కిందికి వాలితే అదే ర్యాంపు. దిబ్బల దగ్గర కొళాయి ఉండదు కాబట్టి 100 గ్యాలన్ల నీళ్లు నింపుకుని పోవాలి, అవే 834 పౌండ్లు. ట్రైలర్‌లోనే ఉండే ట్యాంకులో 30 గ్యాలన్ల పెట్రోలు 180. నాలుగు సీట్ల సైడ్-బై-సైడ్ 1,800 దాకా ఉంటుంది. బట్టలు, వంట సామాను, హెల్మెట్లు 600. మొత్తం 10,300 దాటుతుంది. తక్కువలో తక్కువ 10 శాతం వేసుకున్నా ట్రక్కు మీద 1,030 పౌండ్లు పడుతుంది. మీకున్నది 820.

షోరూమ్‌లో ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. వెనక గ్యారేజీలో బండి ఎక్కుతుందన్న లెక్కతో టాయ్ హాలర్ ఇరుసులను వెనక్కి జరిపి పెడతారు. బండి లేకుండా ఖాళీ గ్యారేజీతో బయల్దేరితే ముందు భాగం మరింత బరువెక్కుతుంది. అంటే ఎండాకాలంలో పిల్లల్ని తీసుకుని ఐ-17 హైవే మీద ఫ్లాగ్‌స్టాఫ్ వెళ్లేటప్పుడు, బండి ఇంట్లోనే ఉన్నా మీ ట్రక్కు ఇంకా ఎక్కువ మోస్తుంది. ఫీనిక్స్ సుమారు 1,100 అడుగుల ఎత్తులో ఉంటే ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 7 వేల అడుగుల ఎత్తులో ఉంది. ఆ ఎక్కుడులో, పైగా తిరిగి వచ్చేటప్పుడు దిగుడులో, పిల్లలు వెనక సీట్లో ఉండగా పరిమితి దాటిన బరువుతో వెళ్లమని నేను చెప్పలేను.

అందుకే 50 వేలు, 30 వేలు అని రెండు ధరలు పక్కపక్కన పెట్టి చూడొద్దంటాను. టాయ్ హాలర్ కొంటే దాని వెనకే ఎఫ్-250 లాంటి ట్రక్కు కావాలి. కొత్తదైతే 60, 70 వేలు. మీ ఎఫ్-150 అమ్మితే కొంత వస్తుంది, తేడా మాత్రం పెద్దదే. ఆపైన సైడ్-బై-సైడ్ మరో 25 వేలు, దానికి వేరే ఇన్సూరెన్స్. 50 వేలతో మొదలైన మాట లక్ష దాటుతుంది. మీవారు ఇదంతా దాచి మాట్లాడుతున్నారని కాదు. ఒక్కో వస్తువును ఒక్కో డీలర్ విడివిడిగా చూపిస్తాడు కాబట్టి మొత్తం ఒకచోట కనబడదు.

ఇక లోను సంగతి. 45 వేలకు 8.5 శాతం, 15 ఏళ్లంటే నెలకు 443 డాలర్లు. కట్టగలరా అంటే మీ జీతాలతో సులువుగా కట్టగలరు. నా టెన్షన్ అది కాదు. రెండేళ్లలో మీరు 10,600 డాలర్లు కడతారు, అప్పుడు కూడా లోను 41,760 మిగిలే ఉంటుంది. ఐదేళ్లకు 26,600 కట్టినా అసలు తగ్గేది 9,260 మాత్రమే. ట్రైలర్ విలువ అంత ఓపిగ్గా తగ్గదు. కొత్త ట్రైలర్ మొదటి ఏడాదిలోనే ఐదో వంతు దాకా పడిపోవడం మామూలు.

దీన్ని మీ వీసాతో కలిపి చూడండి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఉండే గడువు మామూలుగా 60 రోజులు. ఇద్దరిదీ హెచ్-1బీ కాబట్టి ఒకరి ఉద్యోగం పోయినా రెండోవారి మీద డిపెండెంట్‌గా మారి నిలబడొచ్చు. అది మీకు మంచి రక్షణ. కానీ ఇద్దరిదీ ఒకే రంగం, కోతలు వస్తే ఒకేసారి రావచ్చు. రెండేళ్ల తర్వాత హడావుడిగా అమ్మాల్సి వచ్చి ట్రైలర్‌కు 33 వేలు వచ్చిందనుకోండి. మన చేతి నుంచి మరో 8,760 వేస్తే తప్ప లోను తీరదు, టైటిల్ (యాజమాన్య పత్రం) కొన్నవాళ్ల పేరు మీదికి మారదు. జీతం లేని నెలలో, తిరుగు ప్రయాణం టికెట్లు కొనాల్సిన నెలలో, అంత డబ్బు తీయడం ఎంత కష్టమో ఊహించండి. గ్రీన్‌కార్డు చేతికొచ్చేదాకా సరదా వస్తువు ఏదైనా అప్పు లేకుండా కొనమనే నేను చెబుతాను. ఇల్లు వేరు. పని కోసం తిరిగే కారు వేరు.

పన్ను మినహాయింపు గురించి డీలర్ చెప్పింది అబద్ధం కాదు, మీకు మాత్రం ఉపయోగపడదు. పడక, వంట సదుపాయం, టాయిలెట్ మూడూ ఉన్న ట్రైలర్‌ను రెండో ఇల్లుగా చూపించి, దాన్నే తాకట్టు పెట్టి తీసుకున్న లోను వడ్డీని మినహాయించుకోవచ్చు. కాకపోతే ఐటెమైజ్ చేసేవాళ్లకే, అంటే స్టాండర్డ్ డిడక్షన్ (అందరికీ ఇచ్చే స్థిర మినహాయింపు) వదిలి ఖర్చులను విడివిడిగా చూపించేవాళ్లకే, అది దక్కుతుంది. భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే 2025కి స్టాండర్డ్ డిడక్షన్ 31,500. మీ ఇంటి వడ్డీ ఏడాదికి 11,800. ఆరిజోనా ఆదాయపు పన్ను 2.5 శాతమే కాబట్టి అదీ, ఇంటి పన్నూ కలిపి 8 వేలు వేసుకుందాం. టాయ్ హాలర్ మొదటి ఏడాది వడ్డీ 3,765. అన్నీ కలిపినా 24 వేలకు చేరదు. పెద్ద విరాళాల్లాంటివి లేకపోతే ఒక్క డాలరు కూడా తగ్గదు.

అత్తగారూ మామగారూ వచ్చే మాటను మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నేను దానికి ఎక్కువ విలువ ఇస్తాను. టాయ్ హాలర్ గ్యారేజీలో మంచాలు చాలావరకు మోటారుతో పైకీ కిందికీ జరుగుతాయి. కింది మంచం దించాలంటే ముందు బండిని బయటికి తీయాలి. పై మంచానికి నిచ్చెన. బండిని తీసేసినా పెట్రోలు వాసన ఆ గదిలో ఉండిపోతుంది, ఎండకు మూసి ఉంచితే ఇంకా ఎక్కువ. అదే గదిలో పెద్దావిడ పడుకోవాలి, అక్కడే అన్నం తినాలి. మామూలు ట్రైలర్‌లో ఒక చివర తలుపున్న పడకగది, ఇంకో చివర పిల్లలకు బంకు బెడ్లు ఉన్నవి దొరుకుతాయి. పెద్దవాళ్లకు ఆ గది ఇచ్చేయొచ్చు. ఒక్క జాగ్రత్త: వాళ్లిద్దరినీ ట్రక్కులోనే ఎక్కిస్తే, సీట్లు సరిపోయినా, 820లో మరో 300 పోతుంది. అప్పుడు మామూలు ట్రైలర్ కూడా బరువు దాటుతుంది. వాళ్లు వచ్చినప్పుడు మీలో ఒకరు రెండో కారు తీసుకురావాలి.

టాయ్ హాలర్ చెడ్డదని నేననను. సొంత బండి ఇప్పటికే ఉండి, అక్టోబరు నుంచి ఈస్టర్ దాకా రెండు వారాలకోసారి దిబ్బలకు పోయేవాళ్లకు, పెద్ద ట్రక్కు ఉన్నవాళ్లకు దాన్ని మించింది లేదు. బండి లోపల తాళం వేసి ఉంటుంది, జనరేటర్ ఉంటుంది, ర్యాంపును వరండాలా వాడుకోవచ్చు. వీల్‌చైర్ వాడే మనిషి ఇంట్లో ఉంటే ఆ ర్యాంపే పెద్ద ఉపకారం. మీవారికి ఇంకా బండి లేదు, సరదా ఇప్పుడే మొదలైంది. ఆ సరదాను కొట్టిపారేయొద్దు. ఆఫీసు పని తప్ప మరో వ్యాపకం లేని మగవాళ్లను ఎంతోమందిని చూశాను, ఆరుబయటికి పోవాలన్న కోరిక పుట్టడం మంచిదే.

కాబట్టి ఈ చలికాలం అద్దెకు తీసుకోండి. అవుట్‌డోర్సీ, ఆర్‌వీషేర్ లాంటి సైట్లలో టాయ్ హాలర్లు దొరుకుతాయి. కొందరు యజమానులు వాళ్లే తెచ్చి నిలబెట్టి, తిరిగి తీసుకుపోతారు. మీ ట్రక్కుతో పనే లేదు. యూమా దాటాక ఐ-8 హైవే పక్కనే ఉన్న బటర్‌కప్ దిబ్బలకు కుటుంబమంతా ఒక్కసారి వెళ్లి, గ్యారేజీ గదిలో పడుకుని చూడండి. సైడ్-బై-సైడ్ కూడా అద్దెకే. రోజుకు 400 వేసుకున్నా ఆరు రోజులకు 2,400, అది 25 వేల బండి మీద మొదటి ఏడాది తరుగుకు కూడా చాలదు. పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి, సైజు సరిపోయేది మీరే కొనండి.

సొంతానికి మాత్రం పాత ట్రావెల్ ట్రైలర్ కొనండి, నగదుతో. 62 వేలలో ఆరు నెలల ఖర్చుకు 42 వేలు పక్కన పెట్టండి, దాన్ని ముట్టుకోవద్దు. మిగిలిన 20 వేలలో ట్రైలర్‌కు 17 వేలు, హిచ్‌కూ టైర్లకూ తనిఖీకీ 3 వేలు. దొరుకుతుందా అని అడుగుతారేమో. కరోనా తర్వాత జనం ఎగబడి కొన్నారు. 2021లో కంపెనీలు డీలర్లకు పంపిన ఆర్‌వీలు (ట్రైలర్లు, మోటార్ హోమ్‌లు అన్నీ కలిపి) 6 లక్షలు, 2023కి అది 3.13 లక్షలకు పడిపోయింది. ఆ రద్దీలో కొని, నాలుగుసార్లు వాడి, స్టోరేజీ అద్దె కట్టలేక అమ్ముకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆరిజోనాలో డీలర్ దగ్గర కాకుండా వ్యక్తి దగ్గర నేరుగా కొంటే సేల్స్ ట్యాక్స్ కూడా ఉండదు. ఫీనిక్స్‌లో మే నుంచి జులై దాకా ఎండకు భయపడి కొనేవాళ్లు తక్కువ, బేరం ఆడటానికి అదే అదను.

ఆ 2021 సరుకులో హడావుడిగా బిగించినవి చాలా ఉన్నాయి కాబట్టి తనిఖీ లేకుండా కొనొద్దు. ఎన్‌ఆర్‌వీఐఏ (ఆర్‌వీ ఇన్‌స్పెక్టర్ల జాతీయ సంఘం) సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్పెక్టర్‌కు ఫీజు కట్టి చూపించండి. మీరు కూడా పైకప్పు మూలల్లో సీలెంట్ పగిలిందేమో చూడండి, ఇక్కడి ఎండకు ముందు పోయేది అదే. పడకగది మూలల్లో గోడను బొటనవేలితో నొక్కండి, మెత్తగా దిగితే లోపల నీళ్లు చేరాయని అర్థం. అది ఎంత చవగ్గా వచ్చినా వదిలేసి వచ్చేయండి. టైర్ల మీద తయారైన వారం, సంవత్సరం నాలుగంకెల్లో ఉంటుంది. ఐదారేళ్లు దాటితే గాట్లు కొత్తగా కనిపించినా మార్చాల్సిందే, ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి. మీ కాలనీ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) వాకిట్లో ట్రైలర్ నిలపనిస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. చాండ్లర్ చుట్టుపక్కల చాలా కాలనీల్లో ఒప్పుకోరు. నెలకు 140 డాలర్ల స్టోరేజీ అంటే ఏడాదికి 1,680, దాన్ని ఇప్పుడే బడ్జెట్‌లో రాసుకోండి.

ఏదైనా ట్రైలర్ నచ్చితే, అడ్వాన్స్ ఇచ్చే ముందు దాని తలుపు దగ్గరున్న బరువుల స్టిక్కర్ ఫోటో తీసి నాకు పంపండి. మీ ట్రక్కు అంకెలు నా దగ్గరున్నాయి, రెండూ పక్కన పెట్టి చూసి చెబుతాను.