కొల్లేటి మీద మీ ఉత్తరాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కొల్లేటి గురించే. నేను పుట్టింది కైకలూరు పక్కన. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యేదాకా నా ఉద్యోగమంతా ఆ చుట్టుపక్కలే గడిచింది. అందుకే ఈసారి మిగతా ఉత్తరాలు పక్కనపెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది కైకలూరు మండలం. నాన్నగారు చాలా ఏళ్లుగా చేపల చెరువు చేస్తున్నారు. అక్క పెళ్ళి, నా బీటెక్ ఫీజు అన్నీ ఆ చెరువు మీదే. హాస్టల్లో కొల్లేటి మాట వస్తే చాలు, "మీవాళ్ళే కదా దాన్ని పాడుచేసింది" అంటారు. నిజంగా తప్పు మాదేనా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: బాబూ, నువ్వు అడగాల్సిన మొదటి ప్రశ్న అది కాదు. మీ చెరువు ఐదో కాంటూరుకి లోపల ఉందా, బయట ఉందా? ముందు నాన్నగారిని అది అడుగు.

సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు వరకు నీళ్ళు నిలిచే ప్రాంతమే ఐదో కాంటూరు. అది 308 చదరపు కిలోమీటర్లు. వరద పెరిగి పదో కాంటూరు దాకా వస్తే కొల్లేరు 901 చదరపు కిలోమీటర్లు పరుచుకుంటుంది. అంటే కొల్లేరు ఏడాది పొడవునా ఒకే కొలతలో ఉండే చెరువు కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉంది కాబట్టి వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం తగ్గుతుంది. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా అరవైకి పైగా కాలువలూ డ్రెయిన్లూ అందులోకి నీళ్ళు తెస్తాయి. బయటికి పోవడానికి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే దారి. అరవై కిలోమీటర్లు వంకర్లు తిరిగి అది సముద్రంలో కలుస్తుంది. ఇలా ఉబ్బి తగ్గే సరస్సు మధ్యలో గట్లు వేస్తే ఏమవుతుందో ఇంజనీరింగ్ చదివే నీకు నేను చెప్పక్కర్లేదు.

మా అమ్మమ్మగారిది లంక గ్రామం. తాటి దోనెల్లో తిరిగేవాళ్ళు. వడ్డీలు (కొల్లేట్లో చేపలు పట్టుకుని బతికే కులంవాళ్ళు) మావులనే బుట్టలు పెట్టి, వలలు కట్టి కొర్రమీను, వాలుగ, ఇంగిలీకం చేపలు పట్టేవాళ్ళు. నీళ్ళు తీసినప్పుడు అదే నేలలో వరి వేసేవాళ్ళు. ఆ వరి చేతికొస్తుందన్న నమ్మకం మాత్రం ఎప్పుడూ ఉండేది కాదు. ఒక్క వరదొస్తే పంట మొత్తం పోయేది. ఆ పేదరికాన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం ఉండదు. 1976లో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి, సరస్సు నేలలో చేపల చెరువులు తవ్వించింది. కాబట్టి మొదటి గట్టు వేసింది మీ నాన్నగారి లాంటి వాళ్ళు కాదు. మీ హాస్టల్లో వాళ్ళకి ఇది చెప్పు.

ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. చెరువుల్లో పెంచే శీలావతి, బొచ్చె చేపలకి కలకత్తాలో మంచి ధర పలికింది. సంఘాల చెరువులు పెద్ద పెట్టుబడులున్న వాళ్ళ లీజుల్లోకి పోయాయి. వల వేసుకుని బతికిన వడ్డీలు తమ ఊరి నీళ్ళ మీదే కూలీలయ్యారు. కొల్లేటి కథలో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఇదే. 1999లో ఐదో కాంటూరు లోపలంతా అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సార్ జాబితాలో (ప్రపంచంలో కాపాడుకోవాల్సిన చిత్తడి నేలల జాబితా అది) చేర్చారు. చెరువులు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో గట్లను పేలుడు మందు పెట్టి కొట్టేశారు. కొన్నాళ్ళకే చాలాచోట్ల మళ్ళీ లేచాయి. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకి కుదించమని అసెంబ్లీ తీర్మానం కూడా చేసింది. కేంద్రం వేసిన నిపుణుల కమిటీ అందుకు ఒప్పుకోలేదు. మూడో కాంటూరు అంటే 135 చదరపు కిలోమీటర్లే. అన్ని పార్టీల వాళ్ళూ కలిసి అడిగారు కాబట్టి అది న్యాయమైపోతుందా?

ఇక కాలుష్యం సంగతి. చేపల చెరువులో వేసే తవుడు, నూనె తీసిన చెక్క, కోళ్ళ ఎరువు, యూరియా, సూపర్ ఫాస్ఫేట్ మొత్తం చేప ఒంటికి పట్టదు. మిగిలింది కుళ్ళి అమ్మోనియా అవుతుంది. పట్టుబడి అయ్యాక ఆ నీళ్ళు మోటారు పెట్టి డ్రెయిన్లోకి తోడేస్తారు. డ్రెయిన్ కొల్లేట్లో కలుస్తుంది. ఆ బలానికి నాచు, గుర్రపుడెక్క విపరీతంగా పెరుగుతాయి. రాత్రిపూట నీళ్ళలో ప్రాణవాయువు పడిపోతుంది. తెల్లవారుజామున మీ చెరువులో చేపలు నోరు తెరుచుకుని పైకి తేలితే నాన్నగారు ఏరియేటర్లు (నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు) వేయిస్తారు, మందు చల్లిస్తారు. అదే పరిస్థితి కొల్లేట్లో వస్తే వేసేవాళ్ళెవరు? గట్ల వల్ల నీటి పారుదల తగ్గింది కాబట్టి ఆ మురికి కొట్టుకుపోయేదీ తక్కువే. పైనుంచి మంచినీళ్ళు తగ్గిన ఎండాకాలంలో ఉప్పుటేరు గుండా సముద్రపు ఉప్పు వెనక్కి తోసుకొస్తోంది. చుట్టూ నీళ్ళే ఉన్న లంక గ్రామాల్లో తాగడానికి నీళ్ళ టిన్నులు కొనుక్కుంటున్నారు.

మీవాళ్ళ మీద పడుతున్న నింద అంతా మీది కాదు. విజయవాడ మురుగు బుడమేరు మీదుగా, ఏలూరు మురుగు తమ్మిలేరు మీదుగా వస్తాయి. దారిలో ఫ్యాక్టరీల నీళ్ళూ కలుస్తాయి. నింద మాత్రం ఎదురుగా కనిపించే చేపల రైతు మీద పడుతుంది.

నా మాట ఇది. చెరువు ఐదో కాంటూరు లోపల ఉంటే గట్టు తీయాల్సిందే, ఎంత కష్టమైనా. అక్కడ జిరాయితీ పట్టా (సొంత భూమి హక్కు) ఉంటే సరైన పరిహారం ఇచ్చి తీసుకోవాలి, చిన్న రైతుని ఊరికే తరిమేయకూడదు. బయట ఉంటే మీ బతుకు మీరు బతకొచ్చు. కానీ వాడిన నీళ్ళను నేరుగా డ్రెయిన్లోకి వదలొద్దు. చెరువు పక్కన కొంత నేల విడిచి అందులో కొన్నాళ్ళు నిలబెట్టండి. అడుక్కి దిగిన బురద పొలాలకి ఎరువుగా పోతుంది, పైన తేరిన నీళ్ళు వదలొచ్చు. ఎకరం మీద వచ్చే లాభం కొంచెం తగ్గుతుంది. తగ్గినా ఫర్వాలేదని నాన్నగారిని ఒప్పించాల్సింది నువ్వే.

ప్రశ్న: 2024 సెప్టెంబర్లో బుడమేరు వరదకి మా ఇల్లు మొదటి అంతస్తు దాకా మునిగింది. టీవీలో ఎవరో కొల్లేరు పూడిపోవడం వల్లే అన్నారు. నిజమేనా అమ్మా?
– ఒక గృహిణి, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: పూర్తిగా కాదమ్మా. మీ ఇల్లు మునగడానికి దగ్గరి కారణాలు కుండపోత వాన, బుడమేరు డైవర్షన్ ఛానల్‌కి గండ్లు పడటం, ఊళ్ళో వాగు దారిలోకి ఇళ్ళు చొచ్చుకురావడం. కొల్లేటి పాత్ర అక్కడి నుంచి మొదలవుతుంది. వెలగలేరు దగ్గర కృష్ణలోకి మళ్ళించిన నీళ్ళు పోగా, బుడమేరు పాత దారి చివరికి చేరేది కొల్లేటికే. అక్కడ నీళ్ళు విశాలంగా పరుచుకునే చోటు తగ్గి, ఉప్పుటేరు పూడికతో, వలకట్లతో ఇరుకైతే, పైనున్న వాళ్ళకి నీళ్ళు లాగడం ఆలస్యమవుతుంది. ముంపు మొదలయ్యేది ఊళ్ళో, ఎన్ని రోజులు నిలుస్తుందన్నది మాత్రం కొంత కొల్లేటి చేతిలో ఉంది.

ప్రశ్న: చేపలకి కోళ్ళ పేగులు, తలలు వేస్తున్నారని విని మా పిల్లలు చేపల కూర ముట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: పిల్లలకి చేప మాన్పించకండి. కోడి వ్యర్థాలు ఎక్కువగా వేసేది పంగాసియస్‌కి (ఊళ్ళో ఫంగస్ చేప అంటారు), ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌కి. ఈ రెండోదాన్ని పెంచడమే నిషేధం. అయినా దొంగచాటుగా పెంచుతున్నారు. వరదల్లో తప్పించుకుని సరస్సులో పడితే నాటు చేపల పిల్లల్ని తినేస్తుంది కాబట్టి దాని మీద నాకు కోపం ఇంకా ఎక్కువ. శీలావతి, బొచ్చెలకి మామూలుగా వేసేది తవుడు, చెక్క. మీకు తెలిసిన మనిషి దగ్గర, చేప ఎక్కడిదో అడిగి కొనండి. బాగా ఉడికిస్తే క్రిముల భయం తగ్గుతుంది. మందుల అవశేషాలు మాత్రం వంటతో పూర్తిగా పోవు, అందుకే అడిగి కొనమంటున్నాను. లారీలో డ్రమ్ముల్లో కుళ్ళు వాసనతో వ్యర్థాలు పోతున్నట్టు కనిపిస్తే నంబరు రాసుకుని మత్స్యశాఖ వాళ్ళకి ఫోన్ చేయండి.

ప్రశ్న: ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులు (పెలికాన్లు) బాగానే కనిపిస్తున్నాయి కదా, మరి కొల్లేరు పాడైందని ఎందుకంటారు?
– ఒక పర్యాటకుడు, రాజమండ్రి

జవాబు: 1946లో పక్షుల పరిశీలకులు కె.కె. నీలకంఠన్ గారు ఈ ప్రాంతంలో దాదాపు మూడువేల గూడబాతులు గూళ్ళు కట్టుకున్న స్థావరాన్ని చూసి లోకానికి చెప్పారు. 1975 నాటికల్లా ఆ స్థావరం ఖాళీ అయిపోయింది. ఇప్పుడు ఆటపాకలో మీరు చూసే పక్షుల్లో చాలావాటికి అటవీశాఖ పెట్టిన ఇనుప స్టాండ్లే చెట్లు. అవి తిరిగి రావడం నాకూ చాలా సంతోషం. కానీ గూడబాతుకి కావలసింది చేపా, గూటికి చోటూ. చేపల చెరువుల మధ్య తిండికి దానికి కొరత లేదు. లోతు తక్కువ నీళ్ళలో, కిక్కిస పొదల్లో మేసే పక్షుల సంగతి వేరు. గట్లు పెరిగినకొద్దీ వాటికి అలాంటి చోటు తగ్గిపోయింది.

ప్రశ్న: ఎనిమిదో తరగతి పిల్లలతో మా ఊరి డ్రెయిన్ నీళ్ళు పరీక్ష చేయించాలని ఉంది. ల్యాబ్ లేదు. కుదురుతుందా మేడమ్?
– ఒక సైన్స్ టీచర్, ఆకివీడు

జవాబు: చక్కగా కుదురుతుంది. మీ ఊళ్ళో ఆక్వా మందుల షాపుల్లోనే అమ్మోనియా, పీహెచ్, ప్రాణవాయువు చూసే కిట్లు అమ్ముతారు. రైతులు వాడేవి అవే. ఒకే చోట తెల్లవారగానే ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి ప్రాణవాయువు చూడండి. నాచు ఎక్కువున్న నీళ్ళలో ఆ రెండు అంకెలకీ ఎంత తేడా ఉంటుందో చూస్తే పాఠం పిల్లలకి మళ్ళీ చెప్పక్కర్లేదు. చెరువులు ఖాళీ చేసే రోజుల్లో తప్పకుండా ఒకసారి చూడండి. తేదీ, టైము, వాన పడిందా లేదా రాయించండి. నీళ్ళు మీరే తీయండి. డ్రెయిన్ గట్లు జారతాయి, పిల్లల్ని దూరంగా నిలబెట్టండి. అంకెలు నాకు పంపితే ఈ శీర్షికలోనే వేస్తాను.