ఒకే మాయలో కవలలు: ఒక బిడ్డ పోయినప్పుడు

ప్రశ్న: నాకు 24వ వారం. ఒకే మాయను పంచుకుంటున్న కవలల్లో ఒక బిడ్డ గుండె ఆగిపోయిందని గత వారం స్కానింగ్‌లో తేలింది. రెండో బిడ్డకు విషం ఎక్కుతుందని, వెంటనే కాన్పు చేయించుకోమని మా అత్తగారు అంటున్నారు. డాక్టరుగారు ఆగమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఒక బిడ్డను పోగొట్టుకున్న బాధలో ఈ భయం కూడా తోడవడం సహజమే కాని, విషం ఎక్కడమన్నది నిజం కాదు. ఒకే మాయలో ఇద్దరి రక్తనాళాలూ కలిసి ఉంటాయి కనుక, ఒక బిడ్డ గుండె ఆగి అటువైపు రక్తపీడనం పడిపోగానే, బతికున్న బిడ్డ రక్తం ఒక్కసారిగా అటు మళ్లి, మెదడుకు అందవలసింది తగ్గిపోతుంది. ఇలాంటి గర్భాల్లో రెండో బిడ్డ కూడా మరణించే అవకాశం సుమారు 15 శాతం, మెదడు దెబ్బతినే అవకాశం సుమారు 25 శాతం. ఆ హాని చాలావరకు విషయం తెలిసేసరికే జరిగిపోయి ఉంటుంది కాబట్టి, 24వ వారంలో తొందరపడి కాన్పు చేస్తే ఆ దెబ్బ బాగుపడదు సరికదా, నెలలు నిండని బిడ్డ కష్టాలు అదనంగా వచ్చిపడతాయి. మీ డాక్టరుగారి మాటే సరైనది. బతికున్న బిడ్డకు రక్తహీనత వచ్చిందేమో, రక్తం పారే వేగాన్ని చూసే డాప్లర్ స్కానింగ్‌లో తెలుస్తుంది. మెదడుకు తగిలిన దెబ్బ మాత్రం వెంటనే కనిపించదు. అందుకే బిడ్డ పోయిన నాలుగు వారాల తరువాత, కడుపులో ఉన్న బిడ్డ మెదడుకు ఎమ్మారై తీయిస్తారు. మొదటి స్కానింగ్ బాగానే ఉందన్నారు కదా అని దాన్ని మానుకోకండి.