ఈత బాగా వస్తే రివర్ రాఫ్టింగ్ గైడ్‌గా చేరిపోవచ్చా?

చేరలేరు, ఈత మొదటి మెట్టు మాత్రమే, ఆ తర్వాత పారే నదిలో సీనియర్ గైడ్ దగ్గర ఇంటర్న్‌గా పని నేర్చుకోవాలి. హైదరాబాద్‌లో మనం ఈత కొట్టేది స్విమ్మింగ్ పూల్‌లో, పడవ ఎక్కేది హుస్సేన్ సాగర్‌లో. రెండూ పారని నీళ్లే. రిషికేశ్ దగ్గర గంగ అలా కాదు. బండరాయిని కొట్టుకున్న నీరు దాని వెనక ఎదురు తిరుగుతుంది. రాఫ్ట్‌ను, అంటే గాలి నింపిన రబ్బరు పడవను, ఆ ఎదురు నీటిలోకి ఎప్పుడు మళ్లించాలో, ఎప్పుడు తప్పించాలో దూరం నుంచే పసిగట్టాలి.

ఉదాహరణకు, రాఫ్ట్ నుంచి పడినవాళ్లు నడుంలోతు నీళ్లే కదా అని లేచి నిలబడబోతారు. రాళ్ల సందులో పాదం ఇరుక్కుందంటే ప్రవాహం మనిషిని ముందుకు తోసి ముంచేస్తుంది. అందుకే వెల్లకిలా తేలుతూ, కాళ్లు దిగువవైపు చాచి, కాలివేళ్లు నీటిపైన కనబడేలా ఉంచాలి. ఇంటర్న్‌కు ఇది ఆలోచించకుండానే రావాలి. పడినవాళ్లను లాగడానికి తాడున్న సంచి విసరడం, గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కి చేసే సీపీఆర్ కూడా అంతే ముఖ్యం.

కోర్సు సర్టిఫికెట్ ఉంటే చాలనుకోవడం చాలామంది పొరపాటు. నది రాళ్ల మధ్య ఉరకలేసే చోట్లను ర్యాపిడ్లంటారు. వాటికి కష్టాన్ని బట్టి 1 నుంచి 6 దాకా గ్రేడ్లుంటాయి, కానీ నీటిమట్టం మారితే అదే ర్యాపిడ్ తీరు మారిపోతుంది. ఆ తేడా తెలియాలంటే ఒకే దారిలో పదే పదే దిగాల్సిందే. వానాకాలంలో రిషికేశ్‌లో రాఫ్టింగ్ ఆపేస్తారు కాబట్టి జులై, ఆగస్టుల్లో బయల్దేరకండి.