రోజువారీ జీవితంలో నవ్వును ఎక్కడ వెతుక్కోవాలి?

"పనుల ఒత్తిడిలో నవ్వడమే మరచిపోయాను, హాస్య కార్యక్రమాలు చూసినా మనసు తేలికపడటం లేదు, ఏం చేయాలి?" అన్నది ప్రశ్న.

నా అభిప్రాయంలో, వెతుకుతున్న చోటే సరైనది కాదు. 1990వ దశకంలో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్ జనం మామూలుగా మాట్లాడుకునే చోట్ల 1,200 నవ్వులను గమనించి, వాటిలో హాస్యోక్తుల వెంట వచ్చినవి 20 శాతం కూడా లేవని, మిగిలినవన్నీ సాదాసీదా మాటల మధ్య పుట్టినవేనని తేల్చారు. ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు మనిషి దాదాపు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతాడని కూడా ఆయన చెప్పారు. నవ్వుకు ముందుగా కావలసింది తోడు.

మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద వరినాట్లు వేసే ఆడవాళ్లను చూస్తే ఇది వెంటనే అర్థమవుతుంది. గంటల తరబడి నడుము వంచి బురదలో పనిచేస్తూనే, వారు వదినా మరదళ్ల వరస కలుపుకొని ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు. ఆ చనువును వరసే ఇస్తుంది కనుక ఎవరూ నొచ్చుకోరు. (అత్తమామలతో అది చెల్లదు, ఆ హద్దు ఎరిగి ఉండటమూ హాస్యంలో భాగమే.) మనసారా నవ్విన తరువాత నొప్పిని ఓర్చుకునే శక్తి పెరుగుతుందని బ్రిటన్ మానవ శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ బృందం 2012లో ప్రచురించిన పరిశోధన చూపింది కాబట్టి, నాట్లలో వినిపించే ఆ నవ్వులు వట్టి కాలక్షేపం కావని నేను గట్టిగా నమ్ముతాను.

రాత్రి భోజనమయ్యాక ఫోను పక్కన పెట్టి, మీకు వరసైన వారితో పావుగంట అరుగు మీద కూర్చోండి. ఆ రోజు పొలంలోనో బస్సులోనో మీకు ఎదురైన చిన్న తికమకను ముందుగా మీరే చెప్పండి.