లక్షన్నర దాటిన ఇంజిన్‌కి ప్యాకింగులన్నీ మార్చాలా?

ప్రశ్న: మాది 2013 మోడల్ స్విఫ్ట్ పెట్రోల్ కారు. 1,70,000 కిలోమీటర్లు తిరిగింది. కూలెంట్ గానీ ఆయిల్ గానీ తగ్గడం లేదు, ఎప్పుడూ హీటెక్కలేదు. ఇంజిన్ పైభాగాన కొంచెం ఆయిల్ చెమ్మ కనిపిస్తోందని చూపిస్తే మా మెకానిక్ ‘బండి పాతదైంది, హెడ్ దించి హెడ్ ప్యాకింగుతో సహా అన్నీ ఒకేసారి మార్చేద్దాం’ అంటున్నాడు. ముందుజాగ్రత్తగా చేయించుకోమంటారా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: హెడ్ మాత్రం దించనివ్వకండి. ఇంజిన్ బ్లాకుకీ, దాని మీద కూర్చునే హెడ్‌కీ మధ్య సీలుగా ఉండేదే హెడ్ ప్యాకింగు (గ్యాస్కెట్ అన్నా ఇదే). మీరు రాసినదాంట్లో అది పోయిందనడానికి ఒక్క లక్షణం కూడా లేదు.

ప్యాకింగులన్నీ ఒకేలా పాతబడవు. ఇంజిన్ పైన మూతలా ఉండే ట్యాపెట్ కవర్ ప్యాకింగు, క్రాంక్ షాఫ్ట్ చివర్ల ఉండే ఆయిల్ సీళ్లు రబ్బరువి. ఏళ్ల తరబడి వేడిలో, ఆయిల్‌లో ఉండి ఉండి ఆ రబ్బరు బిగుసుకుపోతుంది, బండి తక్కువ తిరిగినా వయసు మీద పడుతుంది. వీటిని ముందే మార్చడంలో అర్థం ఉంది. హెడ్ ప్యాకింగు సంగతి వేరు. ఈ కాలపు ఇంజిన్లలో అది ఎక్కువగా పలుచటి స్టీలు రేకుల్ని పొరలుగా పేర్చి చేసింది, ఫలానా కిలోమీటర్లకు మార్చాలన్న లెక్క దానికి లేదు. దాన్ని పాడుచేసేది చాలావరకు ఓవర్‌హీటింగే. కూలెంట్ కారిపోయినా గమనించకుండా బండి తోలితే అల్యూమినియం హెడ్ వంగిపోతుంది, అప్పుడు ప్యాకింగు ఎంత కొత్తదైనా నిలవదు.

బాగున్న హెడ్‌ని ఊరికే దించితే కొత్త సమస్యలు కొనితెచ్చుకున్నట్టే. టైమింగ్ చైన్ విప్పాలి, హెడ్ లేత్ షాపుకి పంపి లెవెల్ చూపించాలి. చాలా ఇంజిన్లలో హెడ్ బోల్టులు ఒకసారి బిగిస్తే సాగే రకం, వాటిని మళ్లీ వాడకూడదు, కానీ ఖర్చు తగ్గుతుందని పాతవే బిగించేవాళ్లున్నారు. పాత ప్యాకింగు అంటుకున్నచోట ఎమరీ పేపరుతో గీకితే ఆ పొడి ఆయిల్‌లో కలిసి బేరింగుల దాకా పోతుంది. ఇంత రిస్కు, చెడిపోని వస్తువు కోసం!

మీ ఇంజిన్ పైన కనిపించే చెమ్మ ట్యాపెట్ కవర్ దగ్గరిదే అయ్యుండాలి. దాని ప్యాకింగు మార్పించండి, పెద్ద ఖర్చు కాదు. పాతది బయటికి తీసినప్పుడు ఒకసారి మీ చేత్తో పట్టుకుని చూడండి. కొత్తది ఎటు వంచితే అటు వంగి మళ్లీ సర్దుకుంటుంది, ఇంత వయసుదైతే గాడిలో అణిగిన ఆకారంలోనే బిగుసుకుపోయి ఉంటుంది, వంచితే అప్పడంలా విరుగుతుంది. స్పార్క్ ప్లగ్గుల గుంతల చుట్టూ ఉండే సీళ్లు కూడా అదే పూట మార్చాలి. అవి లీకైతే గుంతలోకి ఆయిల్ దిగి, ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిల్ దెబ్బతిని, బండి మిస్సింగ్ కొడుతుంది, చాలామంది కాయిల్ మార్చేసి ఆయిల్ సంగతి వదిలేస్తారు.

కానీ దానికంటే ముందు పీసీవీ వాల్వ్ చూపించండి. ఇంజిన్ లోపల పోగయ్యే గ్యాసుని లాగి, ఇంజిన్ గాలి పీల్చే దారిలోకి పంపేది అదే. మడ్డి పట్టి మూసుకుపోతే లోపల ప్రెషర్ పెరిగి, ఆయిల్ ఎక్కడ సందు దొరికితే అక్కణ్నుంచి బయటికొస్తుంది. దీన్ని వదిలేసి ప్యాకింగు ఒక్కటే మారిస్తే కొన్నాళ్లకే మళ్లీ చెమ్మ పట్టి, కొత్త ప్యాకింగు డూప్లికేట్ అంటూ గొడవ మొదలవుతుంది. కవర్ బోల్టులు మధ్య నుంచి చివరలకు, ఎంత బలంతో బిగుస్తోందో చూపించే టార్క్ రెంచితో బిగించాలి, చాలా కార్లలో 10 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూగా చాలు. బలం కొద్దీ బిగిస్తే ప్యాకింగు నలిగి చీలుతుంది.

గ్యాస్కెట్ గమ్ము విషయంలోనూ జాగ్రత్త. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌కి చాలా ఇంజిన్లలో గమ్ముతోనే సీలింగ్, అది మామూలే, కానీ దట్టంగా పూస్తే లోపలికి పొంగిన ముక్కలు ఊడిపడి ఆయిల్ పీల్చే జాలీకి అడ్డం పడతాయి, దాంతో ఆయిల్ ప్రెషర్ తగ్గి ఇంజినే పోవచ్చు. కారని చాంబర్ జోలికి వెళ్లకండి. గేర్‌బాక్స్ వైపు ఉండే క్రాంక్ సీలు మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, కాబట్టి ఈసారి క్లచ్ ప్లేట్ మార్చేటప్పుడు ఆ సీలు కూడా వేయించండి, విడిగా లేబర్ పడదు.

హెడ్ ప్యాకింగు మీద ఉంచిన శ్రద్ధ కూలింగ్ మీద పెట్టండి. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకుండా సరైన కూలెంట్ వేయించండి, క్యాప్, హోసులు, థర్మోస్టాట్ చూపించండి. రేపెప్పుడైనా బయట ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గుతుంటే, వేడెక్కాక కూడా తెల్లపొగ తగ్గకపోతే, ఆయిల్ పాలలా మారితే అప్పుడు అనుమానించాలి. అప్పుడైనా హెడ్ విప్పే ముందు కంప్రెషన్ టెస్టు, కూలెంట్‌లోకి పొగ వస్తోందేమో చూసే టెస్టు తప్పనిసరిగా చేయించండి.

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాం. మాది 2009 సుబారు ఫారెస్టర్, టర్బో లేనిది, లక్ష మైళ్లు దాటింది. టైమింగ్ బెల్ట్‌తో పాటు హెడ్ గ్యాస్కెట్లు కూడా మార్చమంటున్నారు. మీ సలహా?
- ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: మీ విషయంలో ఆ సలహాని కొట్టిపారేయలేం. మీ 2.5 లీటర్ల ఇంజిన్‌కి హెడ్ గ్యాస్కెట్లు కారే జబ్బు ఉందన్నది అందరికీ తెలిసిందే, అదీ ఎక్కువగా బయటికి కారడం. ఆ ఇంజిన్‌లో హెడ్లు రెండు పక్కలకీ పడుకుని ఉంటాయి కాబట్టి లీకుంటే హెడ్ కింది అంచున తడి కనిపిస్తుంది. కారు లిఫ్ట్ మీదకి ఎక్కించి ఆ అంచుని తుడిపించి, కొన్ని వందల మైళ్లు తిరిగాక మళ్లీ చూడండి. పొడిగా ఉంటే 1,05,000 మైళ్లకు చేయాల్సిన టైమింగ్ బెల్ట్, దానితో పాటు వాటర్ పంపు, ముందువైపు సీళ్లు మార్పించి గ్యాస్కెట్లు వదిలేయండి. ఆయిల్ గానీ కూలెంట్ గానీ ఊరుతూ ఉంటే మాత్రం బెల్ట్ ఎలాగూ విప్పుతారు కాబట్టి అప్పుడే చేయించేయండి, పాత రకం కాకుండా పొరల స్టీలు గ్యాస్కెట్లే వేయమనండి, హెడ్లు లెవెల్ చేయించారో లేదో అడిగి బిల్లులో రాయించుకోండి.