పన్ను సందేహాలు: వాణిజ్య భవనాల్లో కరెంటు ఆదా, సెక్షన్ 179డి

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ అమెరికా ఫెడరల్ పన్నులోని సెక్షన్ 179డి గురించే. వాణిజ్య భవనంలో ఇంధనం ఆదా చేసే పనులకు పెట్టిన ఖర్చు మీద ఇది పన్ను మినహాయింపు ఇస్తుంది. జవాబులకు ముందు ఒక తేదీ గుర్తుంచుకోండి. 2025 జులైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 జూన్ 30 తర్వాత మొదలైన పనులకు ఈ మినహాయింపు లేదు. ఆలోపు మొదలైనవాటికి ఉంది. అందుకే పని ఎప్పుడు మొదలైందో చూపే పర్మిట్, కాంట్రాక్టు, బిల్లులు, రోజువారీ రికార్డు అన్నీ ఒకే చోట దాచండి.

ప్రశ్న: మా రెండంతస్తుల ఆఫీసు భవనం 22,000 చదరపు అడుగులు. 2025లో పైకప్పు మీది ఏసీ యూనిట్లు, లోపలి లైట్లు మార్చాం. కరెంటు బిల్లు 30 శాతం తగ్గింది. 25 శాతం దాటాం కాబట్టి మినహాయింపు వచ్చినట్టేనా?

జవాబు: రాలేదు, ఇంకా లెక్క కట్టాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. మామూలు దారిలో పోలిక మీ పాత బిల్లుతో కాదు, ఆష్రే 90.1 (భవనాల ఇంధన వాడకానికి అమెరికా ఇంజనీర్ల సంఘం పెట్టిన) ప్రమాణానికి సరిగ్గా సరిపోయే ఒక నమూనా భవనంతో. 2027 జనవరి 1కి ముందు వాడకంలోకి వచ్చిన పనికి 2007 నాటి ప్రమాణం వర్తిస్తుంది. మీ పాత ఏసీలు బాగా అరిగిపోయినవైతే సాధారణ రకం కొత్తవి పెట్టినా బిల్లు దిగుతుంది. నమూనా భవనంతో పోల్చేసరికి ఆ ఆదాలో చాలా భాగం లెక్కలోకి రాదు.

లైట్ల విషయంలో మీకు అనుకూలం. ఆ ప్రమాణం ఆఫీసుల లైట్లకు చదరపు అడుగుకు 1 వాట్ దాకా ఒప్పుకుంటుంది. ఎల్‌ఈడీలతో అందులో సగానికి రావడం కష్టమేమీ కాదు. అయితే లైట్లకు, ఏసీకి, గోడలు-పైకప్పుకు విడివిడిగా చదరపు అడుగుకు 60 సెంట్ల చొప్పున ఇచ్చే పద్ధతి 2022తో పోయింది. ఇప్పుడు లోపలి లైట్లు, వేడి, చల్లదనం, గాలి మార్పిడి, వేడినీళ్లు, వీటన్నిటి వార్షిక ఇంధన ఖర్చు కలిపి 25 శాతం తగ్గాలి. సోలార్ పలకలు, లిఫ్టు, బయటి పార్కింగ్ దీపాల ఖర్చు ఇందులో చేరదు.

లెక్కను ఇంధన శాఖ ఆమోదించిన సాఫ్ట్‌వేర్‌తోనే చెయ్యాలి. మీతో సంబంధం లేని, ఆ ప్రాంతంలో లైసెన్సు ఉన్న ఇంజనీరు గానీ కాంట్రాక్టరు గానీ పని పూర్తయ్యాక భవనం చూసి ధ్రువీకరించాలి. 2025కి కనీస రేటు చదరపు అడుగుకు 58 సెంట్లు, ఆదా 50 శాతానికి చేరితే 1.16 డాలర్లు. లెక్కలో 25 శాతం ఆదా తేలితే మీకు కనీసం 12,760 డాలర్లు. ఎంత వచ్చినా పెట్టిన ఖర్చును మించదు. గత 3 పన్ను సంవత్సరాల్లో ఇదే భవనానికి తీసుకున్నది ఉంటే గరిష్ఠ పరిమితిలోంచి తీసేస్తారు. రిటర్నుకు ఫారం 7205 జతచెయ్యాలి.

అయిదేళ్లు దాటిన భవనానికి మరో దారి ఉంది. అందులో పోలిక నిజంగానే మీ పాత వాడకంతో. కానీ నిపుణుడు రాసిన ప్రణాళిక ఉండాలి, పనికి ముందరి ఏడాదిలోపు వాడకం కొలిచి ధ్రువీకరించాలి, పని ముగిసి ఏడాది దాటాక మళ్లీ కొలవాలి. మినహాయింపు ఆ తుది ధ్రువీకరణ వచ్చిన సంవత్సరంలో దక్కుతుంది.

ప్రశ్న: ఇదే పనికి అయిదు రెట్లు వస్తుందని మా కాంట్రాక్టర్ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: నిజమే. మొదటి ప్రశ్నలోని భవనానికే 58 సెంట్ల బదులు 2.90 డాలర్లు, అంటే 63,800 డాలర్లు. ఆ అయిదు రెట్లు మిషన్లను బట్టి రావు, కూలీ రికార్డులను బట్టి వస్తాయి. పని చేసిన ప్రతి ఎలక్ట్రీషియన్‌కూ, షీట్ మెటల్ పనివాడికీ ఆ కౌంటీకి కార్మిక శాఖ ప్రకటించిన ప్రామాణిక వేతనం, అలవెన్సులతో సహా అంది ఉండాలి. సబ్‌కాంట్రాక్టర్ మనుషులకూ ఇదే నియమం. 2023 తర్వాత మొదలైన పనుల్లో మొత్తం పనిగంటల్లో 15 శాతం రిజిస్టరైన అప్రెంటిస్‌లు చెయ్యాలి. నలుగురు, అంతకు మించి పనివాళ్లను పెట్టిన ప్రతి కాంట్రాక్టరూ కనీసం ఒక అప్రెంటిస్‌ను తీసుకోవాలి. అప్రెంటిస్‌లు దొరకకపోతే శిక్షణ సంస్థకు రాతపూర్వకంగా అడిగిన కాగితం కావాలి. 5 పనిదినాల్లో జవాబు రాకపోతే మీరు ప్రయత్నించినట్టే లెక్క.

పనులు బెడిసేది పని అయిపోయాకే. జీతాల రికార్డు అడిగితే సబ్‌కాంట్రాక్టర్ మొత్తం బిల్లు ఒక్కటే చేతిలో పెడతాడు. ఏ మనిషి, ఏ పని, ఎన్ని గంటలు, గంటకెంత అన్నది లేకుండా అయిదు రెట్లు నిలవవు. వేతనం తక్కువ పడినట్టు తేలితే తేడాను వడ్డీతో చెల్లించి, ఒక్కో కార్మికుడికి 5,000 డాలర్ల జరిమానా కట్టి సరిదిద్దుకోవచ్చు. చిన్న పనిలో ఆ జరిమానాకే లాభం కరిగిపోతుంది. ప్రతి వారం జీతాల రికార్డు ఇస్తేనే బిల్లు చెల్లిస్తామని కాంట్రాక్టులోనే రాయించండి.

ప్రశ్న: నూరు శాతం బోనస్ డిప్రిసియేషన్ తిరిగి వచ్చాక 179డి అవసరమా?

జవాబు: కొన్ని పనులకు అవసరం లేదు. నూరు శాతం బోనస్ డిప్రిసియేషన్ అంటే ఆస్తి ఖర్చును ఏళ్ల తరబడి తరుగుదలగా కాక మొదటి ఏడాదే మొత్తం రాసుకోవడం. కన్సల్టెంటుకు ఫీజు కట్టేముందే ఇది తేల్చుకోండి. ఇప్పటికే వాడకంలో ఉన్న వాణిజ్య భవనం లోపల చేసిన మెరుగుదలలు, ఉదాహరణకు లైట్లు, 15 ఏళ్ల పాటు తరుగుదల సాగే ఆస్తి కిందికి వస్తాయి. 2025 జనవరి 19 తర్వాత సమకూర్చుకున్నవైతే మొత్తం ఖర్చు మొదటి ఏడాదే రాయవచ్చు. అక్కడ 179డి కొత్తగా ఇచ్చేదేమీ లేదు. రెండూ తీసుకోవడం కుదరదు, ఎందుకంటే 179డి తీసుకున్న మేరకు ఆస్తి ఖరీదు తగ్గిపోతుంది.

179డి నిజంగా పనికొచ్చేది 39 ఏళ్ల పాటు తరుగుదల సాగే వస్తువులకు: పైకప్పు ఇన్సులేషన్, కిటికీలు, భవనం బయట కూర్చున్న ఏసీ యూనిట్లు, కొత్తగా కట్టిన భవనం. పైకప్పుకూ ఏసీకీ, ఖర్చును అదే ఏడాది రాసుకోనిచ్చే సెక్షన్ 179 కూడా ఉంది కదా అనవచ్చు. అది వ్యాపార ఆదాయాన్ని మించదు, భవనాన్ని అద్దెకిచ్చే వ్యక్తులకు దాంట్లో అదనపు షరతులున్నాయి. 179డికి ఆ అడ్డు లేదు. భవనం లాభానికి అమ్మితే మాత్రం 179డి కింద తీసుకున్న మొత్తం మామూలు ఆదాయంగా తిరిగి పన్నుకు రావచ్చు. రెండు మూడేళ్లలో అమ్మే ఉద్దేశం ఉంటే ఈ లెక్క ముందు వేయించండి.

ప్రశ్న: మాది చిన్న ఆర్కిటెక్ట్ సంస్థ. ప్రభుత్వ పాఠశాల డిజైన్ చేశాం. పన్ను కట్టని పాఠశాలకు వచ్చే మినహాయింపు మాకు ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వొచ్చు. సాంకేతిక వివరణలు రూపొందించినవారికి యజమాని దీన్ని కేటాయించవచ్చు. కేవలం అమర్చినవారికి, మరమ్మతు చేసినవారికి కుదరదు. 2023 నుంచి లాభాపేక్ష లేని సంస్థల భవనాలకూ ఈ వీలుంది. ఇరుపక్షాలూ సంతకం చేసిన కేటాయింపు పత్రం మీ రిటర్నుకు ముందే చేతిలో ఉండాలి. అందులో భవనం చిరునామా, ఖర్చు, వాడకంలోకి వచ్చిన తేదీ, కేటాయించిన మొత్తం రాయాలి. పాఠశాల బోర్డుల్లో సంతకం చేసే అధికారం ఎవరిదో తేలేసరికే నెలలు గడుస్తాయి. అందుకే డిజైన్ ఒప్పందంలోనే ఈ విషయం పెట్టండి.

ప్రశ్న: మూడంతస్తుల అద్దె అపార్టుమెంట్లకు వర్తిస్తుందా?

జవాబు: వర్తించదు. నేలపైన నాలుగు అంతస్తులు, ఆపైన ఉంటేనే. మోటెల్ అయితే ఈ అంతస్తుల నియమం అడ్డు రాదు.

ప్రశ్న: 2023లో పూర్తయిన పనికి అడగడం మర్చిపోయాం.

జవాబు: మీరు యజమాని అయితే పాత రిటర్ను సవరించనక్కర్లేదు. లెక్కల పద్ధతి మార్పు కోరే ఫారం 3115తో ఈ ఏడాది రిటర్నులోనే తీసుకోవచ్చు. రేట్లు మాత్రం పని వాడకంలోకి వచ్చిన 2023వే: 25 శాతం ఆదాకు 54 సెంట్లు, వేతన షరతులు తీరి ఉంటే 2.68 డాలర్లు. ధ్రువపత్రం కోసం భవనాన్ని ఇప్పుడు చూపించినా, లెక్క అప్పటి పరికరాలపైనే. ఈలోగా వాటిని మార్చి ఉంటే పాత బిల్లులు, మోడల్ నంబర్లు వెతికిపెట్టుకోండి.